మొనాకో ప్రిన్స్ మూడవ రైనియర్: పెద్ద పొరుగు పక్కన ఒక చిన్న రాజ్యం

వార్తల్లో "మొనాకో యువరాజు" అనే మాట కనిపించినప్పుడల్లా మనలో చాలామంది పొరబడతాం. యువరాజు అంటే మనకు తండ్రి గద్దె మీద ఉండగా పక్కన ఆసనంలో కూర్చునే వారసుడు. మొనాకోలో అసలు రాజు అనే బిరుదే లేదు. పాలకుడి బిరుదే ప్రిన్స్, ఆయన ఏలే దేశం ప్రిన్సిపాలిటీ. లీక్టెన్‌స్టైన్‌ది కూడా ఇదే పద్ధతి. అండోరాది మరో చిత్రం. అక్కడ ఇద్దరు ప్రిన్సులు ఉంటారు. ఒకరు స్పెయిన్‌లోని ఉర్హెల్ బిషప్, రెండోవారు ఫ్రాన్స్ అధ్యక్షుడు. ప్రిలిమ్స్‌లో ఇలాంటివి ఎప్పుడైనా అడగవచ్చు కాబట్టి ముందే చెప్పేశాను.

ఇక మెయిన్స్ సంగతి. మొనాకోకు సిలబస్‌లో ప్రత్యేకంగా చోటు లేదు. అయినా సార్వభౌమత్వం, రక్షిత రాజ్యం, రాజ్యాంగబద్ధ రాచరికం అనే మూడు మాటలను ఒకే మనిషి జీవితంలో చూడాలంటే మూడవ రైనియర్ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 1949 నుంచి 2005 వరకు, దాదాపు 56 ఏళ్లు ఆయన మొనాకోను పాలించాడు. మూడు వైపులా ఫ్రాన్స్, నాలుగో వైపు మధ్యధరా సముద్రం. ఆయన గద్దెనెక్కేనాటికి మొత్తం వైశాల్యం సుమారు ఒకటిన్నర చదరపు కిలోమీటర్లు. మన హైదరాబాద్ సంస్థానం దానికి లక్ష రెట్లకు పైగా పెద్దది. చుట్టూ ఒకే పెద్ద దేశం ఉన్న ఆ సంస్థానం 1948 సెప్టెంబర్‌లో ఏమైందో మనకు తెలుసు. మరి మొనాకో ఎలా నిలిచింది?

వారసుడి కంటే ముందు పుట్టిన ఒప్పందం

గ్రిమాల్డి వంశం కథ 1297లో మొదలవుతుంది. ఫ్రాన్సెస్కో గ్రిమాల్డి సన్యాసి వేషంలో మొనాకో కోటలోకి చొరబడి దాన్ని పట్టుకున్నాడని చెబుతారు. ఆ తర్వాత ఈ వంశం ఎవరో ఒక పెద్ద రాజ్యం నీడలోనే బతికింది. మొదట స్పెయిన్, 1641 నుంచి ఫ్రాన్స్, 1793లో ఏకంగా విప్లవ ఫ్రాన్స్‌లో విలీనం, 1815 వియన్నా ఒప్పందాల తర్వాత సార్డీనియా రక్షణ. 1848 యూరప్ విప్లవాల గురించి చదివేటప్పుడు పారిస్, వియన్నా, బెర్లిన్ దగ్గరే ఆగిపోతాం. అదే ఏడాది మొనాకో ఏలుబడిలోని మెంటన్, రోక్‌బ్రూన్ అనే రెండు పట్టణాలు కూడా పన్నుల భారం భరించలేక తిరగబడ్డాయి. 1861లో అప్పటి ప్రిన్స్ మూడవ చార్లెస్ ఆ రెండింటినీ 40 లక్షల ఫ్రాంకులకు ఫ్రాన్స్‌కు వదిలేశాడు. రాజ్యంలో తొంభై శాతానికి మించిన భూమి ఆ సంతకంతో పోయింది. బదులుగా మిగిలిన ముక్కకు స్వాతంత్ర్య గుర్తింపు వచ్చింది.

నిమ్మతోటలు, ఆలివ్ తోటలు పోయాక ఆ రాతికొండ మీద ఆదాయమేముంటుంది? 1863లో ఫ్రాంస్వా బ్లాంక్ అనే జూదశాలల వ్యాపారికి కాసినో హక్కులు ఇచ్చారు. ఆ కంపెనీ పేరు మాత్రం సొసైటీ దే బాన్ ద మేర్, అంటే సముద్రస్నానాల సంఘం! 1865లో ఫ్రాన్స్‌తో కస్టమ్స్ కూటమి కుదిరింది, 1868లో రైలు వచ్చింది, 1869లో నివాసులకు ప్రత్యక్ష పన్నులు ఎత్తేశారు. కాసినో ఉన్న దిబ్బకు చార్లెస్ పేరు మీదే మాంటే కార్లో అని పేరు పెట్టారు. మొనాకో పౌరులకు మాత్రం ఆ కాసినోలో జూదం ఆడే అనుమతి లేదు.

అసలు చిక్కు మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. రైనియర్ తాత రెండవ లూయీకి అప్పటికి పెళ్లి కాలేదు, సక్రమ సంతానం లేదు. వారసత్వం ఉరాఖ్ డ్యూక్ అనే జర్మన్ బంధువుకు పోయే అవకాశం కనిపించింది. జర్మనీతో చావోరేవో తేల్చుకుంటున్న ఫ్రాన్స్ తన దక్షిణ తీరంలో ఒక జర్మన్ ప్రిన్స్‌ను ఎందుకు ఒప్పుకుంటుంది? 1918 జూలై 17న ఒప్పందం రాసుకున్నారు. మొనాకో తన సార్వభౌమాధికారాన్ని ఫ్రాన్స్ రాజకీయ, సైనిక, నౌకా, ఆర్థిక ప్రయోజనాలకు అనుగుణంగానే వాడుకోవాలి. గద్దెనెక్కేవాడు ఫ్రాన్స్ లేదా మొనాకో జాతీయుడై ఉండాలి, అతన్ని ఫ్రాన్స్ ప్రభుత్వం ఆమోదించాలి. వర్సెయిల్స్ సంధిలోని 436వ అధికరణం దీన్నే గుర్తించింది.

ఇక్కడ ఒక పొరపాటును సరిచేసుకుందాం. "వారసుడు లేకపోతే మొనాకో ఫ్రాన్స్‌లో కలిసిపోతుంది" అని చాలాచోట్ల రాస్తుంటారు. ఒప్పందంలో ఉన్నది అది కాదు. గద్దె ఖాళీ అయితే మొనాకో ఫ్రాన్స్ రక్షణ కింద స్వయంప్రతిపత్తి గల రాజ్యం అవుతుందని ఉంది. విలీనానికీ రక్షిత రాజ్యానికీ తేడా రాయగలిగితేనే మార్కులు వస్తాయి.

ఒప్పందం కుదిరాక, 1919లో లూయీ తనకు వివాహేతర సంబంధంలో పుట్టిన కూతురు షార్లెట్‌ను చట్టబద్ధంగా దత్తత తీసుకున్నాడు. ఆమె పియెర్ ద పోలిన్యాక్ అనే ఫ్రెంచ్ ప్రభువంశీయుణ్ణి పెళ్లాడింది. 1923 మే 31న మొనాకో రాజప్రాసాదంలో వాళ్లకు రైనియర్ పుట్టాడు. ఒక రకంగా ఆ బిడ్డ పుట్టుకకు తిథి వార నక్షత్రాల కంటే ముందు ఒప్పందం కుదిరింది.

అంతకు సరిగ్గా ఎనిమిది రోజుల ముందు, మే 23న, హిమాలయాల్లోని సిక్కిం రాజకుటుంబంలో పాల్డెన్ తొండుప్ నామ్‌గ్యాల్ పుట్టాడు. ఆ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

గద్దెనెక్కిన పాతికేళ్లవాడు

తల్లిదండ్రులు విడిపోయారు. రైనియర్ చదువు ఇంగ్లండ్‌లో, స్విట్జర్లాండ్‌లో, తర్వాత మాంట్‌పెలియే విశ్వవిద్యాలయంలో సాగింది. యుద్ధంలో మొనాకోను మొదట ఇటలీ, తర్వాత జర్మనీ ఆక్రమించాయి. తాత లూయీ విషీ ప్రభుత్వం వైపు మొగ్గాడు. మనవడికి అది నచ్చలేదు. 1944లో తల్లి తన వారసత్వ హక్కును కొడుక్కి వదిలేసింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో అతను ఫ్రెంచ్ సైన్యంలో చేరి ఆల్సాస్ పోరులో పాల్గొన్నాడు, క్రాయిక్స్ ద గేర్ పతకం పొందాడు. యుద్ధానంతర ఫ్రాన్స్‌లో ఈ పతకానికి రాజకీయ విలువ ఎంత ఉండి ఉంటుందో ఊహించవచ్చు. విషీ మచ్చ ఉన్న తాత తర్వాత ఫ్రాన్స్ కోసం పోరాడిన మనవడు వచ్చాడు.

1949 మే 9న లూయీ మరణించాడు. పాతికేళ్ల రైనియర్ చేతికి వచ్చింది అరిగిపోయిన ఖజానా. యుద్ధం తర్వాత పాత యూరప్ ప్రభువులు డబ్బుతో రావడం లేదు, ఫ్రాన్స్‌లో, ఇటలీలో కూడా కాసినోలు ఉన్నాయి. 1955లో ప్రభుత్వ నిధులు దాచిన ఒక బ్యాంకు దివాలా తీసింది. ప్రజల్లో, జాతీయ మండలిలో నిరసన రేగింది.

ఈ నేపథ్యంలో 1956 ఏప్రిల్‌లో హాలీవుడ్ నటి గ్రేస్ కెల్లీతో పెళ్లి జరిగింది. ముందు ఏడాది కాన్ చిత్రోత్సవానికి వచ్చినప్పుడు వాళ్లు కలుసుకున్నారు. ఆస్కార్ గెలిచిన తార సినిమాలు మానేసి మొనాకోకు వచ్చింది. ప్రేమకథ సంగతి సినిమా పత్రికలకు వదిలేద్దాం. మనకు కావాల్సింది రెండు ఫలితాలు. 1957లో కూతురు కరోలిన్, 1958లో కొడుకు ఆల్బర్ట్ పుట్టడంతో 1918 నాటి వారసత్వ భయం తీరింది. అమెరికా పర్యాటకులకు మొనాకో ఎక్కడుందో తెలిసింది.

కాని ఆ మెరుపు వెలుగులో ఒక సంగతి మరుగున పడింది. 1959 జనవరిలో బడ్జెట్ విషయంలో జాతీయ మండలితో గొడవ ముదిరి, రైనియర్ 1911 నాటి రాజ్యాంగాన్ని నిలిపివేశాడు, మండలిని రద్దు చేశాడు. ఎన్నికైన సభ లేకుండా ఆయన ఒక్కడే పాలించాడు. ఆయన్ని ఆధునిక పాలకుడని పొగిడే వ్యాసాలు ఈ మూడేళ్లను దాటవేస్తాయి. మనం దాటవేయకూడదు, ఎందుకంటే తర్వాత జరిగింది దీంతో ముడిపడి ఉంది.

1962 అక్టోబర్ రాత్రి

1962 అక్టోబర్ అనగానే మనకు గుర్తొచ్చేది నేఫా, లద్దాఖ్. ప్రపంచానికి క్యూబా క్షిపణులు. అవి మొదలయ్యే ముందు వారంలో మొనాకో సరిహద్దులో మరో చిన్న సంక్షోభం నడిచింది.

మూలం పన్నులు. మొనాకోలో ఆదాయపు పన్ను లేదు. ఫ్రెంచ్ పౌరులు, ఫ్రెంచ్ కంపెనీలు అక్కడికి చిరునామా మార్చుకుని పన్ను తప్పించుకుంటున్నాయి. అధ్యక్షుడు డి గాల్‌కు ఇది మింగుడు పడలేదు. దానికి తోడు మాంటే కార్లో రేడియో, టెలివిజన్ కంపెనీల వాటాల మీద పట్టు ఎవరిదన్న తగాదా వచ్చింది. మొనాకోలో ప్రభుత్వాధినేతను మినిస్టర్ ఆఫ్ స్టేట్ అంటారు. మన లెక్కలో సహాయ మంత్రి అనుకోకండి, ఆయన ప్రధానమంత్రితో సమానం. ఆ పదవిలో ఫ్రాన్స్ సూచించిన ఫ్రెంచ్ అధికారే ఉండేవాడు. 1962 జనవరిలో అప్పటి మంత్రి ఎమిల్ పెల్తియేతో రైనియర్‌కు మాటామాటా పెరిగి ఆయన్ని తొలగించాడు. ఫ్రాన్స్ దీన్ని తనకు జరిగిన అవమానంగా తీసుకుంది. 1951 నాటి సత్సంబంధాల ఒప్పందాన్ని రద్దు చేస్తున్నామని ఆరు నెలల నోటీసు ఇచ్చింది.

గడువు తీరింది. అక్టోబర్ 12 అర్ధరాత్రి ఫ్రెంచ్ కస్టమ్స్ సిబ్బంది మొనాకో చుట్టూ ఉన్న రోడ్ల మీద కాపలా పెట్టారు. వాహనాలు ఆపి తనిఖీ చేశారు. తుపాకీ పేలలేదు, ఎవరూ చనిపోలేదు. 1865 నుంచి రెండు దేశాల మధ్య సరిహద్దు అనేదే కనిపించని చోట హఠాత్తుగా గీత ఒకటి కనబడింది, అంతే. కరెంటు, నీళ్లు, తిండి అన్నీ ఆ గీత అవతలి నుంచే రావాలి. ఆ గీత గీయగల శక్తి ఎవరిదో రెండు పక్షాలకూ తెలిసింది. ఈ ఘట్టం మీద 2014లో ఒక సినిమా వచ్చింది. గ్రేస్ కెల్లీ ప్రసంగంతో అంతా చక్కబడినట్టు చూపే ఆ సినిమాను ఆమె పిల్లలే తప్పుబట్టారు. పరీక్షలో దాన్ని ఆధారంగా రాయకండి.

రైనియర్ చేసింది రెండు పనులు. మొదటిది ఇంటి లోపల. 1962 డిసెంబర్ 17న కొత్త రాజ్యాంగం ఇచ్చాడు. ఐదేళ్లకోసారి ఎన్నికయ్యే జాతీయ మండలి తిరిగి వచ్చింది, చట్టాలకూ బడ్జెట్‌కూ దాని ఆమోదం తప్పనిసరి అయింది. ఆ మండలి ఎన్నికల్లో స్త్రీలకు ఓటు హక్కు వచ్చింది. మరణశిక్ష రద్దయింది. కార్యనిర్వాహక అధికారం మాత్రం ప్రిన్స్ దగ్గరే ఉంది. మంత్రులు మండలికి కాక ఆయనకే జవాబుదారీ. కాబట్టి బ్రిటన్ తరహా రాచరికంతో దీన్ని కలపకూడదు.

రెండో పని ఫ్రాన్స్‌తో రాజీ. 1963 మే 18న ఒప్పందం కుదిరింది. 1962 అక్టోబర్ నాటికి ఐదేళ్ల నివాసం చూపలేని ఫ్రెంచ్ పౌరులు మొనాకోలో ఉన్నా ఫ్రాన్స్‌కు ఆదాయపు పన్ను కట్టాలి. వ్యాపారంలో నాలుగో వంతుకు మించి మొనాకో బయట చేసే కంపెనీల లాభాల మీద పన్ను పడుతుంది. ఇతర దేశస్థులకు, మొనాకో పౌరులకు పాత సౌకర్యం అలాగే ఉంది. అంటే డి గాల్ తన పౌరులను తాను వెనక్కి తీసుకున్నాడు, రైనియర్ తన రాజ్యం పన్ను విధానాన్ని కాపాడుకున్నాడు. ఎవరు గెలిచారని అడిగితే నా లెక్కలో ఇద్దరూ కొంత ఓడారు. బలమైనవాడు కూడా కొంత ఓడడానికి సిద్ధపడ్డాడన్నదే ఇందులో విశేషం.

రాజ్యాంగం ఇవ్వడం రైనియర్ ఉదారత అనను. పొరుగువాడు కన్నెర్ర చేసినప్పుడు వెనక సొంత ప్రజలు కూడా లేకపోతే గద్దె నిలవదని తెలిసి ఇచ్చాడని నాకనిపిస్తుంది.

గాంగ్‌టక్‌లో మరో ప్రిన్స్

ఇప్పుడు పాల్డెన్ తొండుప్ దగ్గరికి వద్దాం. ఆయన కూడా పెద్ద దేశం పక్కన చిన్న రాజ్యానికి వారసుడు. 1950 డిసెంబర్ ఒప్పందంతో సిక్కిం భారత్ రక్షిత రాజ్యం. 1963 మార్చిలో ఆయన హోప్ కుక్ అనే అమెరికన్ యువతిని పెళ్లాడాడు. అమెరికా పత్రికలు వెంటనే గ్రేస్ కెల్లీతో పోల్చాయి. అదే ఏడాది డిసెంబర్‌లో ఆయన చోగ్యాల్ అయ్యాడు. సిక్కింకు భూటాన్‌లా ప్రత్యేక హోదా కావాలని, 1950 ఒప్పందాన్ని సవరించాలని ఢిల్లీని కోరుతూ వచ్చాడు.

ఇంటి లోపల మాత్రం పరిస్థితి వేరు. జనాభాలో అధికులైన నేపాలీ మూలాలవారికి, మైనారిటీ అయిన భూటియా-లెప్చాలకు సీట్లు సరిసమానంగా పంచిన ఎన్నికల పద్ధతి మీద అసంతృప్తి పెరిగింది. 1973లో ఉద్యమం రేగింది. ఆ ఏడాది మే 8న భారత్, చోగ్యాల్, పార్టీల మధ్య ఒప్పందం కుదిరింది. 1974లో 35వ సవరణతో సిక్కిం సహ రాష్ట్రం అయింది. 1975 ఏప్రిల్‌లో రాజప్రాసాదం కాపలాదళాన్ని భారత సైన్యం నిరాయుధం చేసింది. కొద్ది రోజులకే ప్రజాభిప్రాయ సేకరణ, ఆపై 36వ సవరణ. 1975 మే 16న సిక్కిం 22వ రాష్ట్రం. చోగ్యాల్ 1982 జనవరిలో న్యూయార్క్‌లో మరణించాడు.

ఒకడు ప్రజలకు అధికారం ఇచ్చి నిలిచాడు, మరొకడు ఇవ్వక పోగొట్టుకున్నాడు అని ఒక్క వాక్యంలో తేల్చేస్తే జవాబు అందంగా ఉంటుంది కాని పూర్తి నిజం కాదు. మొనాకోకు అవతల చైనా లాంటి శక్తి లేదు, సిక్కింకు నాథులా ఉంది, కింద సిలిగురి ఇరుకుదారి ఉంది. ఢిల్లీకి ఉన్న భద్రతా భయం పారిస్‌కు లేదు. సేకరణ జరిగిన వేగం మీద ఇప్పటికీ చర్చ ఉంది. ఇవన్నీ చెప్పిన తర్వాత కూడా ఒక మాట మిగులుతుంది. పొరుగు దేశంతో హోదా గురించి బేరమాడుతున్న రోజుల్లోనే చోగ్యాల్ ఇంట్లో గొడవను తీర్చుకోలేకపోయాడు. రైనియర్ కూడా 1959లో అదే దారి పట్టాడు, మూడేళ్లలో వెనక్కి మళ్లాడు.

సముద్రాన్ని పూడ్చిన పాలకుడు

ఫ్రాన్స్‌తో రాజీ కుదిరాక రైనియర్ కాసినో వైపు తిరిగాడు. గ్రీకు ఓడల వ్యాపారి అరిస్టాటిల్ ఒనాసిస్ 1950ల మొదట్లోనే సముద్రస్నానాల సంఘం వాటాలు కొని దానిపై పట్టు సాధించాడు. కాసినో, హోటళ్లు, ఎంతో భూమి ఆ కంపెనీవే. ఒనాసిస్‌కు మొనాకో కొద్దిమంది కోటీశ్వరుల విడిదిగా ఉంటే చాలు. రైనియర్‌కు మధ్యతరగతి పర్యాటకులు, సమావేశాలు, పెద్ద హోటళ్లు కావాలి. 1966లో ప్రభుత్వం చట్టం చేసి కంపెనీలో 6 లక్షల కొత్త వాటాలు సృష్టించి తానే తీసుకుంది. ఒనాసిస్ సుప్రీం ట్రిబ్యునల్‌కు వెళ్లి ఓడిపోయాడు, 1967లో వాటాలు అమ్ముకుని వెళ్లిపోయాడు. దీన్ని జాతీయీకరణ అనాలా, రాజు బలప్రయోగం అనాలా? 1969లో మన బ్యాంకుల జాతీయీకరణ మీద వాదనలు చదివినవాళ్లు ఇక్కడ కూడా రెండు వైపులా రాయగలరు.

భూమి లేనివాడు సముద్రాన్నే అడగాలి. పశ్చిమాన ఫాంట్‌వియే దగ్గర సముద్రాన్ని పూడ్చి 22 హెక్టార్లు సంపాదించారు. అక్కడ ఇళ్లు, సౌందర్య సాధనాలు, మందుల వంటి తేలికపాటి పరిశ్రమలు, 1985లో ఒక స్టేడియం వచ్చాయి. రైలు పట్టాలను భూగర్భంలోకి దించి పైన నేలను ఖాళీ చేశారు. ఆయనకు "నిర్మాత ప్రిన్స్" అనే పేరు ఇందుకే వచ్చింది. ఒకప్పుడు కాసినో మీదే నడిచిన ఖజానాకు ఆయన చివరి రోజుల్లో వ్యాట్ ప్రధాన వనరు.

మరకలూ ఉన్నాయి. 2000లో ఫ్రెంచ్ పార్లమెంటు సభ్యుల నివేదిక ఒకటి మొనాకోలో నల్లధనం చలామణీపై నియంత్రణ లేదని దుయ్యబట్టింది. 2002లో ఓఈసీడీ ప్రకటించిన సహకరించని పన్ను స్వర్గాల జాబితాలో లీక్టెన్‌స్టైన్, అండోరాలతో పాటు మొనాకో ఉంది. ఆయన బతికుండగా ఆ పేరు తొలగలేదు. ఇతర దేశాల ఖజానాలకు చేరాల్సిన పన్ను ఈ రాతికొండ మీద ఆగిపోతే దాన్ని సార్వభౌమ హక్కు అనాలా? అభివృద్ధి చెందుతున్న దేశం నుంచి చూసేవాళ్లం కాబట్టి మనం ఈ ప్రశ్నను తేలిగ్గా వదలలేం.

1982 సెప్టెంబర్ 13న గ్రేస్ కెల్లీ నడుపుతున్న కారు కొండ రోడ్డు మీద అదుపు తప్పి పడిపోయింది. మరుసటి రోజు ఆమె మరణించింది. రైనియర్ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 1993 మేలో మొనాకో ఐక్యరాజ్యసమితి సభ్యదేశమైంది. కాని కొడుకు ఆల్బర్ట్ నలభై దాటినా పెళ్లి చేసుకోకపోవడంతో 1918 నాటి భయం మళ్లీ తలెత్తింది. 2002 ఏప్రిల్‌లో రాజ్యాంగాన్ని సవరించి, పాలకుడికి సక్రమ సంతానం లేకపోతే తోబుట్టువులకు, వారి సంతానానికి గద్దె దక్కేలా మార్చారు. అదే ఏడాది అక్టోబర్ 24న ఫ్రాన్స్‌తో కొత్త ఒప్పందం రాసుకున్నారు. వారసుడికి ఫ్రాన్స్ ఆమోదం అక్కర్లేదు, రక్షిత రాజ్యం నిబంధన పోయింది. మనకు దగ్గర ఉదాహరణ కావాలంటే, విదేశీ వ్యవహారాల్లో భారత్ సలహా పాటించాలన్న 1949 భారత-భూటాన్ ఒప్పందం 2వ అధికరణాన్ని 2007లో మార్చడం చూడండి.

రైనియర్ 2005 ఏప్రిల్ 6న మరణించాడు. అప్పటికి యూరప్‌లో అత్యంత దీర్ఘకాలంగా పాలిస్తున్న రాచరికాధినేత ఆయనే. నాలుగు రోజుల ముందే పోప్ రెండవ జాన్ పాల్ కన్నుమూయడంతో ప్రపంచ పత్రికల్లో ఆ వార్తకు పెద్దగా చోటు దొరకలేదు. మొనాకో కెథడ్రల్‌లో భార్య సమాధి పక్కనే ఆయన్ని ఉంచారు. ఆయన సంతకాల కాలంలో కుదిరిన కొత్త ఒప్పందం అమల్లోకి వచ్చి 1918 నాటి పాత కాగితం చెల్లకుండా పోయింది ఆ ఏడాది డిసెంబర్‌లో, ఆయన పోయిన ఎనిమిది నెలలకు.